తెల్లారితే మరిచిపోయే రకం

రికార్డు గదిలోని కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ చచ్చి మూడేళ్ళయింది. అప్పటినుంచీ గుమాస్తా బాబాయి దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన ఒక పెన్ డ్రైవ్ మీదే నెట్టుకొస్తున్నాడు. కళ్ళజోడు తాడుకి వేలాడే ఆ పెన్ డ్రైవ్‌ని పొద్దున్నే చొక్కా అంచుతో తుడిచి, గుచ్చి, తెర వెలిగేదాకా ఊపిరి బిగపట్టి కూర్చుంటాడు. సాయంత్రం ఆపేస్తే, ఆ రోజు తను చేసిన మార్పులన్నీ మరిచిపోయే రకం అది. అందుకని రోజూ గడియారం సరిచేస్తాడు, అక్షరాలు పెద్దవి చేస్తాడు, మనవరాలి ఫొటో తెర మీద పెడతాడు. బాబాయి కోపమూ అంతే. ముక్కు మీదే ఉంటుంది, తెల్లారితే ఉండదు. ఒకనాడు ఫైలు కనబడలేదని టైపిస్టు మీద విరుచుకుపడ్డాడు. తీరా చూస్తే అది తన కుర్చీ దిండు కిందే ఉంది. మర్నాడు ఏమీ ఎరగనట్టు, "టీ తాగుదామా అమ్మా?" అన్నాడు.

"మీకు తెల్లారేసరికి అన్నీ చెరిగిపోతాయి బాబాయ్. నాకలా కాదు," అందామె.

బాబాయి ముఖం చిన్నబోయింది. "తప్పు నాదేనమ్మా," అన్నాడు. మర్నాడు గడియారం సరిచేసి, అక్షరాలు పెద్దవి చేసి, ఫొటో పెట్టి, లేచి వెళ్ళి మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ మర్నాడూ అన్నాడు. ఆరో రోజున ఆమెకి నవ్వాగలేదు.

"సేవ్ అయింది బాబాయ్, ఇక కూర్చోండి."