సున్నం ఆరని గోడ

కేంద్ర బృందం వస్తోందంటే విలేకరులం మేం ముందు ఆకాశం వైపు చూస్తాం. కరువు చూడడానికి ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లకు చాలాసార్లు వానే ఎదురొచ్చింది. ఎండిన వేరుశనగ చేలు చూపిద్దామని అధికారులు తీసుకెళ్తే గట్ల నిండా పచ్చగడ్డి ఉండేది. వరద నష్టం చూడడానికి వచ్చిన రోజు ఎండ మండిపోయేది, జీపుల వెనక దుమ్ము లేచేది. ఎవరి తప్పూ కాదు. నష్టం లెక్కలు రాష్ట్రం పంపాలి, అక్కడ వాటిని చదవాలి, మనుషులు కుదరాలి, బయల్దేరాలి. అంతదాకా ఇక్కడి జనం చేతులు కట్టుకుని కూర్చోరు కదా.

ఆ ఏడాది తుఫాను వానలకు మదనపల్లె నుంచి కుప్పం దాకా అంతా దెబ్బతింది. కేంద్రం నుంచి సాయం అడుగుతూ రాష్ట్రం పంపిన జాబితాలో రోడ్లు, కల్వర్టులు ముందు, చెరువు కట్టలు తర్వాత, ఆ తర్వాత పంటలు. ఆరోగ్య కేంద్రాల మరమ్మతులు అన్నిటికన్నా కింద ఉన్నాయి. అన్యాయమని అనలేను. తెగిన రోడ్డు మీద అందరూ ఆగిపోతారు. మునిగిన ఉపకేంద్రం దగ్గర ఆగేది నెలలు నిండిన ఆడమనిషి, సూది వేయించాల్సిన పసిబిడ్డ.

బృందం ఆ రోజు మూడు చోట్ల ఆగాలి. పొద్దున్నే మదనపల్లెలో టమోటా మార్కెట్, తర్వాత పుంగనూరు దగ్గర తెగిన చెరువు కట్ట, చివరికి గుడుపల్లె అవతల ఒక పల్లెలో నీళ్లు దూరిన ఆరోగ్య ఉపకేంద్రం. కార్యక్రమం కాగితంలో ఆ మూడోదాని పక్కన ‘సమయం ఉంటే’ అని రాసి ఉంది. మా ఫొటోగ్రాఫర్‌ని బృందం వెనక పంపి, నేను తెల్లవారకముందే బస్సెక్కి ఆ మూడో చోటికి వెళ్లాను. అలాంటి చోటికి ఇంకెవరూ రారన్న నమ్మకం ఒకటి, తీరిగ్గా కూర్చోవచ్చన్న ఆశ ఒకటి.

రెండు గదుల చిన్న కట్టడం అది. పక్కనే వంక. వానల్లో వంక పొంగి గదుల్లోకి ఛాతీ ఎత్తున నీళ్లు వచ్చాయని, మంచం, తూకం యంత్రం, మందుల బీరువా అన్నీ బురదలో కూరుకుపోయాయని నర్సమ్మ ఫోన్లో చెప్పి ఉంది. బురదను ఊహించుకుంటూ వెళ్లిన నాకు గడపలో పెద్ద ముగ్గు కనిపించింది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. గదులు కడిగి, లోపలా బయటా సున్నం కొట్టారు. గోడలింకా తడిగా ఉన్నాయి. సున్నం వాసనకు ముక్కు మండింది.

నర్సమ్మ మెట్టు మీద తల పట్టుకుని కూర్చుని ఉంది. సూది మందుల కోసం ముందురోజు కుప్పం వెళ్లి, అప్పుడే తిరిగొచ్చిందట. ఆమె ఎదురుగా చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, మోచేతుల దాకా సున్నంతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. ఊరి ఆడవాళ్లను పోగేసి ఈ పని చేయించింది ఆమేనని చూడగానే తెలిసిపోయింది.

“యాలమ్మా ఇట్ల సేస్తిరి? వాళ్లు వచ్చేదే బురద సూసేదానికి!” అంటోంది నర్సమ్మ.

“ఢిల్లీ నించి మనుసులు వస్తాంటే బురదలో కూర్సోబెడతారా ఎవురైనా? మా ఊరి మానం పోదా?”

“మానం మిగుల్తుంది, ఆసుపత్రే మిగల్దు.”

“నువ్వు యాడికి పోయింటివి? ముందే సెప్పుంటే కడిగేవాళ్లమా? పొద్దున నించి నా నడుము పడిపోయింది, ఇబ్బుడొచ్చి తిడతాండావు.”

నర్సమ్మ నా వైపు తిరిగి సంగతి చెప్పింది. ఈ విడతలో మరమ్మతుకు డబ్బు రాకపోతే ఉపకేంద్రాన్ని ఎత్తేసి గుడుపల్లెలో కలిపేస్తారని పైనుంచి మాట వచ్చిందట. గుడుపల్లె దూరమేం కాదు. కానీ మధ్యలో ఈ వంక ఉంది. వంక వస్తే ఆటో దాటదు. ఆ ముసలమ్మ కోడలికి అప్పుడు నెలలు నిండాయి. ముసలమ్మ అంత ఉత్సాహంగా గోడలు కడగడానికి కారణం అదే. వచ్చినవాళ్లకు ఈ చోటు నచ్చాలి, నచ్చితే ఉంచుతారు. ఆమె లెక్క అది. పెళ్లిచూపులకు ఇల్లు సర్దినట్టు సర్దింది.

“ఫోన్లో ఫొటోలు ఉండాయి కదా?” అన్నాను.

“ఉండాయి సార్. వాళ్ల దగ్గరా ఉండాయంట. అయినా కండ్లారా సూడాలనే కదా వస్తాండేది.”

పదింటికి రావాల్సిన బృందం రాలేదు. మా ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. “యాడ సార్, ఇంకా టమోటా మార్కెట్లోనే ఉండారు. రైతులు బండ్లకు అడ్డం కూర్సున్నారు. కుళ్లిన టమోటాలు గంపలతో తెచ్చి ముందర పోసినారు. ఒకాయన బూట్లు పాడైనాయి,” అన్నాడు. మధ్యాహ్నం చేస్తే పుంగనూరులో భోజనాలు. ఆ తర్వాత చేస్తే చెరువు కట్ట మీద కారు టైరు దిగబడింది, తోస్తున్నామన్నాడు. అతని గొంతు కూడా తోస్తున్నట్టే వినిపించింది.

మధ్యలో మండల అధికారి వచ్చి, మామిడాకులు చూసి, “బాగుందమ్మా, గృహప్రవేశమా?” అని వెళ్లి జీపులో కూర్చున్నాడు. ఇక రారనే అనుకున్నాం. వచ్చినా తెల్లటి గోడలు చూసి వెళ్తారు. ఏది నయమో తేల్చుకోలేక నర్సమ్మ మెట్టు దిగుతూ ఎక్కుతూ ఉంది.

మూడు దాటాక లోపలి గదిలోంచి టపటపమని చప్పుడు వినిపించింది. ముసలమ్మ చాటతో గోడకు గాలి విసురుతోంది.

“ఏం సేస్తాండావు?” అంది నర్సమ్మ.

“పైన ఆరి తెల్లంగా అయ్యింది. కింద ఆరేదే లేదు సూడు. మబ్బుగా ఉండాది. వాళ్లు వచ్చేలోపల ఆరబెట్టల్ల.”

నర్సమ్మ గదిలో అడుగు పెట్టి ఆగిపోయింది. ఆమె వెనకే నేనూ వెళ్లాను. పొద్దున గోడంతా తడిగా ఉన్నప్పుడు పైకీ కిందికీ తేడా తెలియలేదు. ఇప్పుడు పైభాగం సున్నం ఆరి తెల్లగా తేలింది. కిందిభాగం వరద నీళ్లు తాగిన గోడ. అది ఆరలేదు. సరిగ్గా ఛాతీ ఎత్తున, నాలుగు గోడలకూ ఒకే మట్టాన, దారం పట్టి గీసినట్టు గీత. గీతకు పైన పాలలాంటి తెలుపు, కింద బూడిద రంగు తడి.

“ఇసరొద్దు!” అని నర్సమ్మ అరిచిన అరుపుకు జీపులో ఉన్న మండల అధికారి లేచి వచ్చాడు. “ఆ చాట కింద పెట్టు తల్లీ, నీకు దండం పెడతా. తలుపులు ముయ్యండి, గాలి తగలనీయొద్దు!”

“పొద్దున కడిగినందుకు తిట్టె, ఇబ్బుడు ఆరబెట్టినందుకు తిడతాంది. నీ కొలువేందో నాకు అర్థం కాదమ్మా,” అంటూ ముసలమ్మ చాటను పక్కన పడేసింది.

పొద్దు వాలుతుండగా బండ్లు వచ్చాయి. దిగినవాళ్లలో ఒక పెద్ద వయసు డాక్టరమ్మ ఉంది. బాగా అలసిపోయింది. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి లోపలికొచ్చింది. గోడ చూసింది. గీత కింద అరచేయి ఆనించింది. తీస్తే చేయంతా తడి సున్నం. ఆ గీత ఆమె భుజానికి కొంచెం కిందుగా వచ్చింది. పక్కనున్న ఇంజనీరును ఇంగ్లీషులో అడిగింది, ఇంత నానిన గోడ ఎన్నాళ్లు నిలుస్తుందని. ఆయన వేలికణుపుతో కొట్టి చూసి, నిలవదన్నాడు. ఆమె కిటికీలోంచి వంకను చూసి, మరమ్మతు దండగ, ఎత్తు మీద కొత్తగా కట్టాలని రాసుకోమంది.

మండల అధికారి ఆ మాటను తెలుగులో చెప్పగానే నర్సమ్మ ‘అమ్మయ్య’ అంటూ మెట్టు మీద కూర్చుంది. నాకూ ఒక్కసారిగా ఆకలి తెలిసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి ముసలమ్మ చెంబుతో నీళ్లు పోసింది. పోస్తూ, “అనుకున్న యాళకు వచ్చింటే ఇంకా బాగుండేదమ్మా, అప్పుడు గోడలన్నీ ఒకే మాదిరి ఉండె,” అని తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది. ఈ ముక్కను ఇంగ్లీషులోకి మార్చకుండా మండల అధికారి దగ్గి ఊరుకున్నాడు.

కొత్త ఉపకేంద్రం వెంటనే రాలేదు. ఆ లోపల ముసలమ్మ కోడలు, ఉపకేంద్రాన్ని తాత్కాలికంగా నడుపుతున్న బడి వరండా పక్క గదిలో, నర్సమ్మ చేతుల్లోనే ఆడపిల్లను కన్నది. వంక ఆ వారం నిండుగా పారింది. గుడుపల్లెకు ఆటో దాటే వీలే లేదు. కట్టడం పూర్తయ్యాక, పసిబిడ్డలకు సూదులేసే ఒక రోజున వెళ్లాను. రాతి పునాది మీద ఎత్తుగా ఉంది. మనవరాలిని చంకనేసుకుని ముసలమ్మ వరుసలో నిలబడి ఉంది.

“మళ్లీ ఢిల్లీ వాళ్లు వస్తే కడక్కుండా ఉంటావా?” అని అడిగాను.

“కడక్కుండా ఎట్లుంటారప్పా?” అంది ఆమె. “వాళ్లనే రవ్వంత లేటుగా రమ్మని సెప్పు.”