మొక్కు లేని ప్రయాణం

మెట్‌పల్లి సాలెవాడలో శంకరవ్వ నోటికి జడవనివాళ్లు లేరు. రాట్నం మీద కండెలు చుట్టే చెయ్యి ఎంత జోరుగా ఆడేదో, నాలుకా అంత జోరుగా ఆడేది. ఆమె మొగుడు అంబదాసు ఇందుకు పూర్తిగా ఎదురు. పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు పొద్దుగూకేదాకా నోరు విప్పితే ఒట్టు. ఏదైనా అడిగితే తలను అటూ కాకుండా ఇటూ కాకుండా ఒక తీరుగా ఆడించేవాడు. అది అవునో కాదో తేల్చిన మొనగాడు ఆ వాడలో ఇంకా పుట్టలేదు.

పెళ్లయి ఏళ్లు గడిచినా వాళ్లకు పిల్లలు కలగలేదు. కొండగట్టు అంజన్నకు మొక్కారు. ధర్మపురి నర్సన్నకు మొక్కారు. వేములవాడ రాజన్నకు కోడెను కట్టారు. ఎవరు ఏ దేవుడి పేరు చెబితే ఆ దేవుడి దగ్గరికి పోయి, పోయినవాళ్లు పోయినట్టే తిరిగొచ్చారు. ఇక లాభం లేదని అత్త ఐలవ్వ ఇంకో దారి చూసింది. ఐలవ్వ చెడ్డ మనిషేం కాదు. కోడలికి జ్వరమొస్తే పక్కన కూచుని గంజి తాగించేది. కాకపోతే మనుమణ్ని ఎత్తుకోకుండానే కన్ను మూస్తానేమోనని ఆమె గుబులు ఆమెది. కోరుట్లలో దూరపు చుట్టాల పిల్ల ఒకతె ఉంది, పేరు నర్మద.

“దీపావళి ఎల్లినంక పోయి ఆ పిల్లనడుగుదం బిడ్డా. శంకరవ్వ శంకరవ్వ లెక్కనే ఉంటది, ఆమెను ఎవ్వలు పొమ్మంటలేరు” అంది కొడుకుతో. కోడలు వింటుండగానే అంది. రెండో పెళ్లి కూడదని చట్టమైతే వచ్చిందట గానీ, అది ఢిల్లీలో బయలుదేరి మెట్‌పల్లి దాకా ఇంకా నడిచి రాలేదు. అంబదాసు ఎప్పటిలాగే తల ఆడించాడు.

శంకరవ్వ ఒళ్లు మండింది. సవతి వస్తుందన్న దుఃఖం ఒక ఎత్తు, ఆ తల ఊపుడు ఒక ఎత్తు.

“తెస్తనను, లేకుంటే తేననను. తెస్తనంటే ఏడ్వాల్నో కొట్లాడాల్నో నేను చూసుకుంట. గీ ఊపుడేందయ్యా నడుమ?” అని నిలదీసింది. అంబదాసు పోగుల మధ్య దారాన్ని దాటించే నాడె చేతిలోకి తీసుకుని నేత మొదలుపెట్టాడు. గోడకు చెప్పినా నయం, కనీసం మన మాట మనకు తిరిగి వినబడుతుంది.

దసరా వచ్చింది. మగ్గానికి పూజ చేసి, పనిముట్లకు నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి, కొన్నాళ్లు మగ్గాన్ని ముట్టరు. వానలు వెనకపట్టి ఆకాశం కడిగినట్టుంటే, చెరువుకట్ట మీదికి పోయినవాళ్లకు ఉత్తరాన గోదావరి అవతలి గుట్టలు నీలంగా కనబడేవి. కాపురానికొచ్చిన ఏడు నుంచీ శంకరవ్వ వాటిని చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం కట్ట మీద నుంచి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

“నన్ను సైకిల్ మీద గుట్టలకు తీస్కపో. ఉట్నూరు దాంక.”

“ఏ దేవుడున్నడు?” అన్నాడు అంబదాసు. అతనికి అది పెద్ద ఉపన్యాసమే.

“ఏ దేవుడు లేడు. ఉత్తగనే. నువ్వు రెండో దాన్ని తెచ్చుకున్నంక నన్ను క్యారియర్ మీద ఎవలు ఎక్కించుకుంటరు?”

అంబదాసు తల ఆడించలేదు. లేచి పోయి సైకిల్ తుడవడం మొదలుపెట్టాడు. పెళ్లికో, చావుకో, మొక్కుకో తప్ప ఊరు దాటే అలవాటు ఆ వాడలో ఎవరికీ లేదు. అందుకే ఐలవ్వ ఇదీ ఒక మొక్కే అనుకుని సంబరపడి, ఎర్రగుడ్డలో కొబ్బరికాయ కట్టి ఇచ్చింది. కాదని చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

బయలుదేరే పొద్దున అంబదాసు సైకిల్‌కు నూనె పట్టించాడు. నేసేవాడి నమ్మకం అది. దారం ఎక్కడ పట్టేసినా నూనె కుంచె తిప్పితే సాఫీగా జారుతుంది కదా! చైనుకు రాశాడు, ఊచలకు రాశాడు, చక్రాల అంచులకు రాశాడు, ఆ అంచులను పట్టి ఆపవలసిన బ్రేకు రబ్బర్లకు ఇంకాస్త ప్రేమగా రాశాడు. సాలెవాడ చదును దారిలో అతనికి బ్రేకుతో పని పడిందెన్నడు? కాలు కింద పెడితే బండి ఆగేది.

తొక్కడం కూడా నేత తొక్కుడే. కుడికాలు నొక్కి ఒక్క క్షణం ఆగి, ఎడమకాలు నొక్కి ఒక్క క్షణం ఆగి, మధ్యలో నాడె దాటిపోవాలన్నట్టు తొక్కేవాడు. వెనక శంకరవ్వ అడుగడుగుకూ ఊగిపోయింది. “ఇది సైకిలా, మగ్గమా?” అని నవ్వుతూనే గోదావరి ఒడ్డున ఎర్దండి రేవు దాకా వచ్చింది.

రేవులో సైకిల్‌ను పడవలో పడుకోబెట్టారు. పడవవాడు మొండయ్య తెడ్డు వేస్తూ, “ఏ దేవునికి పోతుండ్రవ్వా?” అని అడిగాడు.

“ఏ దేవునికి కాదు, గుట్టలు చూడనీకి.”

మొండయ్య తెడ్డు ఆపాడు. “ఉత్తగ గుట్టలు చూడనీకా? నిజం చెప్పు, గీయన నిన్ను లేవదీస్కపోతుండా?”

“ఈయననా! మీద వాలిన ఈగను లేపడు, నన్నేం లేపుతడు!” అంది శంకరవ్వ. పడవలో అందరూ పడీ పడీ నవ్వారు. అంబదాసు కూడా నవ్వాడు, నీళ్ల వైపు తిరిగి.

ఖానాపూర్ దాటాక ఒక రాతి మీద కొబ్బరికాయ పగలగొట్టి బెల్లంతో తినేశారు. ఏ దేవుడికీ పెట్టకుండా మొక్కు కాయ తినడం శంకరవ్వకు అదే మొదలు. తిన్నాక కాసేపు ఆకాశం వైపు చూసింది. పిడుగేమీ పడలేదు.

అక్కడి నుంచి గట్టు ఎక్కుడు. దిగి ఇద్దరూ సైకిల్‌ను తోశారు. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు, వాటి సందుల్లో సీతాఫలాల చెట్లు. పండినవి పండినట్టే రాలి ఉన్నాయి, ఏరుకునే దిక్కు లేదు. శంకరవ్వ కొంగు నిండా ఏరింది. దూరం నుంచి అంత నీలంగా కనబడిన గుట్టలు దగ్గరికొస్తే ఆకుపచ్చ చెట్లు, ఎర్రటి రాళ్లు, అంతే. అయినా పైకెక్కి వెనక్కి తిరిగి చూసినప్పుడు ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. కింద అడవి, దాని అవతల ఎండలో మెరిసే గోదావరి. మెట్‌పల్లి కోసం వెతికింది. అత్త గానీ, రాట్నం గానీ, నర్మద గానీ అక్కడి నుంచి కనబడలేదు. ‘ఎంత బాగుంది’ అని పైకే అనుకుంది.

ఇక అవతలి వైపు దిగుడు. శంకరవ్వ వెనక కూచుంది, అంబదాసు తొక్కాల్సిన పని లేకుండానే సైకిల్ కదిలింది. మొదటి మలుపు దాకా హాయిగా ఉంది. రెండో మలుపు దగ్గర అతను బ్రేకు నొక్కాడు. నూనె తన పని తాను చేసింది. మళ్లీ నొక్కాడు, రెండు చేతులా నొక్కాడు. సైకిల్ ఇంకా జోరందుకుంది. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ.

“దుంకు! శంకరీ, దుంకు! బ్రేకు పడుతలేదు!” అని అరిచాడు. అంత గొంతు అతనికుందని ఆమెకు ఇన్నేళ్లలో తెలియదు.

శంకరవ్వ లోయ వైపు ఒకసారి చూసింది. కానీ అతని నోరు తెరుచుకోగానే ఇన్నాళ్ల మంటా పైకి ఎగదన్నింది. రెండు చేతులా మొగుడి నడుము పట్టుకుని అడిగింది.

“ముందుగాల చెప్పు! నర్మదను తెస్తవా, తేవా?”

“గిదా యాళ్ల! సస్తమే! దుంకు!”

“చెప్పంది దుంకను!”

“తేను! తేనే నా తల్లీ, తేను! దుంకు!”

ఆమె దూకలేదు. రెండు మడమలూ నేలకు ఆనించి బలంకొద్దీ తన్నిపట్టింది. కంకర రాళ్లు చర్మాన్ని గీసుకుపోయాయి. జోరు కొంత తగ్గింది. అంబదాసు హ్యాండిల్‌ను బండ వైపు తిప్పాడు. సైకిలూ, మనుషులూ, సీతాఫలాలూ అన్నీ కలిసి పొదలో పడ్డాయి.

కట్టెలు ఏరుతున్న గోండు ముసలామె పరుగున వచ్చింది. “కాయ్ ఝాలా? ఏమైంది బాయి?” అంటూ నీళ్లతో మడమలు కడిగి, ఏదో ఆకు నూరి పెట్టింది. అంబదాసు తన రుమాలు చింపి కట్టు కట్టాడు. రబ్బర్ల మీద మెరుస్తున్న నూనె చూసి శంకరవ్వకు సంగతి అర్థమైంది. “బ్రేకుకు నూనె రాసిన మొగోన్ని నిన్నే చూస్తున్న!” అంది. నవ్వుతూనే ఏడ్చింది.

ఆ రాత్రి ముసలామె గుడిసెలోనే పడుకున్నారు. ఉట్నూరు ఆశ వదిలేశారు. పొద్దున అంబదాసు పొయ్యిలో బూడిద తీసుకుని గిన్నెల జిడ్డు వదిలించినట్టు చక్రాల అంచులు తోమాడు. తోముతున్నవాడి పక్కన శంకరవ్వ కూచుంది.

“ఇగో, గట్టు మీద అన్న మాట నేను పట్టుకోను. సావు కండ్ల ముందల ఎవలైన ఏమన్న అంటరు. ఆ మాట నీకు ఇష్టముంటే ఇంటికాడ అవ్వ ముందల అను. లేకుంటే ఇడిసెయ్యి.”

అంబదాసు తోముతూనే ఉన్నాడు. దారి పొడుగునా మళ్లీ మాట లేదు. పడవలో లేదు, ఇబ్రహీంపట్నంలో లేదు. ఊరు దగ్గరపడే కొద్దీ శంకరవ్వకు తన మీదే కోపం వచ్చింది. పట్టుకున్న మాటను ఎందుకు వదిలేశాను, ఎవరడిగారు నన్ను వదలమని, అనుకుంది.

ఐలవ్వ వాకిట్లోనే ఎదురైంది. “దర్శనమైందా బిడ్డా? ఏం మొక్కిండ్రు?”

శంకరవ్వ మొగుడి వైపు చూసింది. అంబదాసు సైకిల్‌ను గోడకు ఆనించాడు. తల ఆడడం మొదలైంది, మధ్యలోనే ఆగింది.

“నర్మదను తేను, అవ్వా” అన్నాడు.

“దేవుడు చెప్పిండా?”

“దేవుడు లేడు ఏం లేడు. నేనే చెప్తున్న.”

ఐలవ్వ అరుగు మీద కూలబడింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కోడలి వైపు చూసి, “గట్లయితే నేను ఈ ఇంట్ల పసిపిల్ల ఏడుపు ఇనకుంటనే పోవాల్నా?” అని అడిగింది.

అత్తకు చెప్పడానికి శంకరవ్వ ఎన్నేళ్లుగానో ఎన్నో జవాబులు దాచిపెట్టుకుంది. వాటన్నిటినీ పక్కన పెట్టింది. గెలిచింది, సంతోషం కలగాలి. కానీ అత్త అడిగింది అత్త ఒక్కదాని ప్రశ్న కాదు. ప్రతి గుడి మెట్ల మీదా తానూ అదే అడిగింది, ఏ దేవుడూ అవుననీ కాదనీ చెప్పకపోవడం వల్లే ఇన్నాళ్లూ ఆశ మిగిలింది. కుంటుతూ వెళ్లి ఐలవ్వ పక్కన కూచుంది.

“అవునత్తా, ఇనకుంటనే పోతం. నువ్వూ, నేనూ” అంది.

ఐలవ్వ తల తిప్పి కోడలి ముఖం చూసింది. తర్వాత కట్లు కట్టిన ఆమె కాళ్లు చూసింది. ఆ కాళ్లను తన ఒళ్లోకి తీసుకుంది.