నెస్టా ఇంటికి కొత్త అక్షరం

నెస్టా హవెల్స్ కుదురుగా కూర్చుని భోంచేయడం ఆమె పెళ్ళిరోజున తప్ప నేను చూడలేదు. ఆ రోజైనా మధ్యలో లేచి వడ్డించబోతే వాళ్ళమ్మ భుజం పట్టుకుని కుర్చీలో కుదేసింది.

మా ఇద్దరిదీ ఒకే వీధి. కొండవాలున ఒకదానికొకటి అతుక్కుని ఉండే రాతి ఇళ్ళు, వేల్స్‌లో ఏ లోయకు వెళ్ళినా కనిపించేవే. బడి మానేశాక కింద బట్టల ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద పనిచేశాం. నేనొక కాలరు కుట్టేలోపు తను రెండు కుట్టేసేది. “కాస్త ఊపిరి పీల్చుకోవే నెస్టా” అని సూపర్‌వైజరమ్మ అంటే “పీలుస్తూనే కుడుతున్నాగా” అనేది. ఫ్యాక్టరీ మూతపడిన రోజు మేమంతా గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే, తను అప్పటికే బడి వంటశాలలో పని అడగడానికి బస్సెక్కేసింది. ఎల్ఫెడ్‌తో పెళ్ళి కూడా అంతే. అతను ప్రేమించాడు గానీ ఆ మాట నోట్లోనే నానుస్తున్నాడని, చేపా చిప్సూ అమ్మే కొట్టు బయట పొట్లం చేత్తో పట్టుకుని తనే అడిగేసింది.

“చేసుకుంటావా లేదా? త్వరగా చెప్పు, చేప చల్లారిపోతోంది.”

ఎల్ఫెడ్ బస్సు డ్రైవరు. జన్మలో ఏనాడూ టైముకి ముందు బండి కదిలించని మనిషి. ఆ ఇద్దరికీ ఎలా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా వీధి చివరి ఇల్లు నెస్టా వాళ్ళ పిన్నిది. ఆవిడ సముద్రం దగ్గర చిన్న ఫ్లాటుకి మారుతూ ఇంటిని నెస్టాకే అమ్మింది. బాగుచేయించి అద్దెకిద్దామని నెస్టా ఆలోచన. కానీ అది ఇల్లు కాదు, మంచుగడ్డ. ఎనర్జీ సర్టిఫికెట్ మీద ‘ఎఫ్’ అని ఉంది. ఇల్లు వేడిని ఎంత నిలుపుకుంటుందో, గ్యాసూ కరెంటూ ఎంత మింగుతుందో చూసి అన్నిటికంటే మేలైన ‘ఏ’ నుంచి ‘జి’ దాకా ఒక అక్షరం వేస్తారు కదా, అదీ. ‘ఈ’ కంటే దిగువన ఉంటే ఇల్లు అద్దెకివ్వకూడదు.

బాగుచేసే పని తన చెల్లెలి భర్త హైడన్‌కి అప్పగించింది. హైడన్ చేతులు పారల్లా ఉంటాయి, పని తెలిసినవాడే. ఎదుటి మనిషికి కాదని చెప్పడం మాత్రం చేతకాదు. నెస్టాకైతే మరీను. ఇల్లు వేడిచేసే కొత్త బాయిలరు, కొత్త కిటికీలు, అటక మీద మందంగా ఉన్ని పరుపు, రాతి గోడలకు లోపలివైపు చలి దూరకుండా ఫోమ్ పలకలు బిగించి పైన ప్లాస్టరు. నెస్టా రోజూ బడి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళేది.

“అయిందా?”

“అవుతోంది వదినా.”

“నిన్నా అదే అన్నావు.”

“నిన్న కూడా అవుతూనే ఉంది వదినా.”

వేసవి సెలవుల నడుమకల్లా రంగులు కూడా పడ్డాయి. అప్పుడే లౌరి వచ్చి ఇల్లు చూసుకుంది. నెస్టా పనిచేసే బడిలో కొత్తగా చేరబోతున్న టీచరు, వెంట ఐదేళ్ళ కూతురు. ఆ పిల్ల మేడ మీద వెనక గదిలోకి పరిగెత్తి, కిటికీలోంచి కొండ మీద గొర్రెల్ని చూసి, “ఈ గది నాది” అనేసింది. నెస్టా ముఖం చూడాలి అప్పుడు! ఆ సాయంత్రమే కిటికీకి పరదాలు కుట్టేసింది.

కానీ అద్దె వ్యవహారాలు చూసే ఆఫీసు అమ్మాయి అడ్డం పడింది. “ఆన్‌లైన్లో ఇంకా పాత సర్టిఫికెట్టే ఉంది ఆంటీ. ‘ఎఫ్’ అనే చూపిస్తోంది. కొత్తది చేయించుకోండి, అప్పటిదాకా నేను సంతకాలు పెట్టించలేను.”

“వచ్చి ఇంట్లో నిలబడి చూడమ్మా, ఎంత వెచ్చగా ఉందో!”

“నేను నిలబడితే అక్షరం మారదు కదా ఆంటీ.”

ఇల్లు పరీక్షించే మనిషి దొరకడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ నెస్టా కాలు ఒకచోట నిలవలేదు. తుడిచిన కిటికీలే మళ్ళీ తుడిచింది. వాళ్ళకి ఫోను చేసి ఎవరైనా రద్దు చేసుకున్నారా అని అడిగింది. మా ఇంటికొచ్చి టీ పెట్టమని, నేను పెట్టేలోపు వెళ్ళిపోయింది. ఆ రోజు రానే వచ్చింది. “నువ్వు కూడా రావే, నేను మరీ ఎక్కువ వాగకుండా చూడు” అని నన్ను వెంటబెట్టుకెళ్ళింది.

వచ్చినావిడ పేరు డెలిత్. పొడుగాటి రెయిన్ కోటు, నెమ్మదైన మనిషి. బాయిలరు చూసింది, నిచ్చెనెక్కి అటక మీద ఉన్ని ఎంత మందమో కొలిచింది, కిటికీ అద్దాల మీద టార్చి వేసింది. తర్వాత ముందు గది గోడ మీద వేళ్ళతో తట్టి, “లోపల పలకలు వేయించారా?” అంది.

“ఇల్లంతా!”

“ఏదైనా ఆధారముందా అమ్మా? పని జరుగుతున్నప్పటి ఫోటోలు, బిల్లులు, అలాంటివి?”

నెస్టా నా వైపు చూసింది. హైడన్ ఫోటోలు తీసే మనిషేం కాదు. కొనేవన్నీ తన ఖాతాలోనే కొంటాడు, బిల్లులూ అతని దగ్గరే.

“నా మాట ఉందిగా” అంది నెస్టా.

“మీ మాట నేను నమ్ముతాను. కానీ కంటికి కనబడనిది ఉందని రాయకూడదు. ఒట్టి రాతి గోడ అనే రాసుకోవాలి.”

“అలా రాస్తే?”

“‘ఎఫ్’ దాటదనుకుంటా.”

నెస్టా హైడన్‌కి ఫోను చేసింది. అతను టెన్‌బీలో సముద్రం ఒడ్డున, చక్రాల ఇల్లులాంటి కారవాన్లో సెలవు గడుపుతున్నాడు. స్పీకరు పెట్టింది కాబట్టి మేమూ విన్నాం. వెనక పిల్లల కేకలు, గాలి హోరు.

“ఏమీ కదిలించకు వదినా. సోమవారం వచ్చేస్తా. నేనొచ్చి మాట్లాడతా.”

“సోమవారందాకా ఎందుకు? ఆవిడ ఇక్కడే ఉంది. ఒక్క చిన్న కన్నం పెడితే కనబడుతుంది కదా?”

“వద్దు వదినా! నా మాట విను...”

ఫోను పెట్టేసింది. పెరట్లోకి వెళ్ళి సుత్తి తెచ్చింది. “అమ్మా, నేను పగలగొట్టమనలేదు” అని డెలిత్ అంటూనే ఉంది, నెస్టా కొత్తగా రంగేసిన గోడ మీద ఒక్కటి వేసింది. తెల్లటి ముక్కలు కార్పెట్ మీద రాలాయి. వెనక వెండికాగితంలా మెరిసే పలక. డెలిత్ దాని మందం కొలిచి ఫోటో తీసుకుంది.

“చూశారా?” అంది నెస్టా, జుట్టంతా పిండిపిండి. “పదండి, మిగతా గదులు.”

“ఈ గది రాసుకున్నాను. మిగతావి మీ ఇష్టం. బలవంతమేం లేదు.”

నెస్టా అప్పటికే మెట్లెక్కుతోంది. పరదాల పక్కన, చేతికందే ఎత్తులో కొట్టింది. ప్లాస్టరు బోర్డు చిట్లి, ఆ కంతలోంచి చల్లటి గాలి మా ముఖాల మీదికి వచ్చింది, తడిమట్టి వాసనతో. లోపల సన్నటి చెక్క పట్టీలు, వాటి వెనక నల్లటి రాయి. పలక లేదు.

నెస్టా ఇంకాస్త పక్కన కొట్టింది. అక్కడా అంతే. మూడోసారి సుత్తెత్తేసరికి డెలిత్ చెయ్యి పట్టుకుంది. “ఇక చాలమ్మా. ఇది మీ ఇల్లు.”

నెస్టా ఆ సుత్తి పట్టుకునే ఇల్లంతా తిరిగింది. గోడగోడకీ చెవి ఆనించి తట్టింది. వంటగది కూడా బోలుగానే మోగింది. డెలిత్ వెళ్ళిపోయాక కూడా తడుతూనే ఉంది. నేను ముక్కలు ఊడుస్తూ కూర్చున్నాను.

రెండు రోజులకి సర్టిఫికెట్ వచ్చింది. ‘ఈ’. గీత మీద సరిగ్గా నిలబడింది. ఆఫీసు అమ్మాయి సంబరంగా ఫోను చేసింది. “అద్దెకివ్వచ్చు ఆంటీ! రేపే సంతకాలు.” నెస్టా “ఆగమ్మా” అంది. ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి.

హైడన్ సోమవారం వచ్చాడు. బూట్లలో ఇంకా ఇసుక ఉంది. నెస్టా వంటగదిలో ఎల్ఫెడ్ టీ తాగుతున్నాడు. నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు.

“పని మధ్యలో పలకలు అయిపోయాయి వదినా” అన్నాడు హైడన్, కూర్చోకుండా. “కొట్టువాడు ఇంకో మూడు వారాలన్నాడు. ఆ సంగతి చెబుదామనే వచ్చా. నువ్వు మెట్ల మీద నిలబడి, ‘ఉన్నదాంతో మూసెయ్ హైడన్, రేపు రంగులవాడొస్తాడు’ అన్నావు.”

“నేనలా అనలేదు!”

“అన్నావు” అన్నాడు ఎల్ఫెడ్. “నిచ్చెన నేనే పట్టుకున్నా.”

నెస్టా భర్తను చూసింది, మరిదిని చూసింది. “సరే, అన్నాననుకో. మూడు వారాలు ఆగాలని చెప్పడానికి నోరు లేదా నీకు? వెనక చిన్నపిల్ల పడుకునే గది అది!”

“నాకు నువ్వంటే భయం వదినా. నా పెళ్ళప్పటి నుంచీ.”

అంత మనిషి ఆ మాట అంటే నవ్వు రావాలి. ఎవరికీ రాలేదు.

“తర్వాత వచ్చి సరిచేద్దామనుకున్నా” అన్నాడు. ఆ వెంటనే, “చేసేవాణ్ణి కాదేమో” అని కూడా అన్నాడు.

నెస్టా పళ్ళెం తీసి కడిగింది. అది కడిగిన పళ్ళెమే. మళ్ళీ కడిగింది. తర్వాత కోటు వేసుకుని వెళ్ళి లౌరికి ఉన్నదున్నట్టు చెప్పింది. సర్టిఫికెట్ ప్రకారం ఇల్లు ఇవ్వచ్చు, కానీ పాప గది గోడ ఖాళీ, సరిచేయడానికి నెల పడుతుంది అని.

“చెప్పినందుకు థాంక్స్ నెస్టా గారూ” అంది లౌరి. “కానీ బడి తెరిచేది వచ్చే వారమే. నేను ఆగలేను.” టౌన్లో మందుల షాపు పైన ఇంకో ఇల్లు తీసుకుంది. పరదాలు పాపకిమ్మని నెస్టా ఇవ్వబోతే కిటికీ కొలత వేరని తీసుకోలేదు.

ఆ నెల నెస్టాని చూస్తే జాలేసేది. పని అయ్యేదాకా లోపలికి రావద్దని హైడన్ తాళం తన జేబులో వేసుకున్నాడు. అతను ఆమెకు ఎదురుచెప్పడం అదే మొదలు. నెస్టా తన వంటగదికి రంగు వేసింది, నచ్చక ఇంకో రంగు వేసింది. మా కుక్కను తిప్పి తెస్తానని రోజుకి మూడుసార్లు ఆ ఇంటి మీదుగా తీసుకెళ్ళేది. పాపం కుక్క చిక్కిపోయింది. హైడన్ మాత్రం ప్రతి గోడా మూసేముందు ఫోటో తీసి పంపేవాడు. సగం వాటిల్లో అతని బొటనవేలే ఉండేది. “వేలు తియ్యి!” అని ఇక్కణ్ణుంచి ఈమె అరుపు.

డెలిత్ మళ్ళీ వచ్చింది. ఫోటోలు చూసింది, గదులు తిరిగింది, ఈసారి ‘డి’ వేసింది. నెస్టా ఎగిరి గంతేస్తుందనుకున్నాను. “సరే” అని, టీ కూడా తాగకుండా బడికి వెళ్ళిపోయింది.

శీతాకాలం మొదట్లో ఇల్లు ఒక రైల్వే గార్డు అద్దెకు తీసుకున్నాడు. ఒంటరివాడు, మర్యాదస్తుడు. అతనికి వేడి పడదు. బయట గడ్డకట్టే చలి ఉన్నా వెనక గది కిటికీ బార్లా తీసి పెడతాడు. కొండ మీద దారి నుంచి చక్కగా కనబడుతుంది. మొన్న మేమిద్దరం అటుగా వస్తుంటే నెస్టా టక్కున ఆగిపోయింది.

“వెళ్ళి ముయ్యమని చెప్పనా?”

“అతని ఇష్టమే అది” అన్నాను.

“అంత కష్టపడి చేయించాం కదే! వేడంతా గొర్రెలకు పోతోంది.”

చేతులు కోటు జేబుల్లో కుక్కుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ చాలాసేపు చూసింది. గాలికి ఆమె కుట్టిన పరదా బయటికొచ్చి గోడకు కొట్టుకుంటోంది. వెళ్తుందనే అనుకున్నాను. వెళ్ళలేదు. “బస్సొస్తోంది” అని చెప్పి పరుగెత్తింది. బస్సు ఇంకా కింద మలుపు కూడా తిరగలేదు.