పోచవ్వ గోడదిక్కు తిరిగిన మూడు దినాలు

జర్మనోళ్లతోని పెద్ద జంగు మొదలైన ఏడు నన్ను ఎల్లారెడ్డి సర్కారు దవాఖానల ఆడోళ్లుండే జనానా వార్డుకు ఆయాగ పెట్టుకున్నరు. ఇంటాయన పోయి ఏడాది అయితుండె. పైన డాక్టర్ సాబు, ఆయన కింద కంపౌండర్, నర్సమ్మ, అందరి కింద నేను. ఊడ్చుడు, కడుగుడు, తినవెట్టుడు, గాయాలకు కట్టే గుడ్డపట్టీలు ఉడకవెట్టి ఆరేసి చుట్టుడు నా పని.

ఆ వానకాలం కామారెడ్డికెల్లి పోచవ్వను బండిల ఏసుకొచ్చిన్రు. బీడీలు చేసే మనిషి. ఏండ్లసంది కీళ్లవాతం, మోకాళ్లు లేవయి, వేళ్లు కొంకర్లు పోయినయి. ఆ నొప్పికి సీసల మందుండె. కాని ఆమె గోడదిక్కు మొకం పెట్టి పండేది. తినది, మాట్లాడది. దానికి ఏ సీసల మందు లేకుండె.

"మూడోనాడు డాక్టర్ సాబు వచ్చేసరికి తినకుంటె నాం ఖారిజే," అన్నడు కంపౌండర్. అంటే పేరు కొట్టేసి ఇంటికి తోలుడు. ఇంట్ల ఆమెకు బుక్కెడు పెట్టేటోళ్లు లేరు.

దిష్టి తీసిన. కోతి లెక్క గంతులేసిన. పక్క మంచాలోళ్లు నవ్విన్రు, పోచవ్వ నవ్వలే.

రెండోనాడు ఆమె పక్కన కూసొని పట్టీలు చుడుతున్న. ఎన్కకెల్లి పోచవ్వ గొంతు లేచింది; ఇటు మళ్లి నా చేతులే చూస్తున్నది.

"ఏందే గది? గంత వదులా? నువ్వు బీడి చేస్తె ముట్టియ్యంగనే ఆరిపోతది."

"నీకొస్తె నువ్వే చుట్టవ్వా."

ఆ కొంకర వేళ్లతోనే చుట్టింది. రాయి లెక్క బిగిసింది. నా బోసి మెడ చూసి, "నీ పెనిమిటి నీ పనితనం చూసే పోయినట్టున్నడు," అన్నది. ఏడాదిల నేను నవ్వింది అప్పుడే. ఆ పూట గిన్నెడు పల్చటి జొన్నగటక తాగింది.

మందు దొరికిందనుకున్న. అదే నా తప్పు. మూడోనాడు పొద్దుగాల గంపెడు పట్టీలు తెచ్చి ఆమె ముందల కుమ్మరించిన. కాలు లేవదు గాని చెయ్యి లేచింది; పట్టీలన్నీ కిందవడ్డయి. "పో," అని గోడకు తిరిగింది.

డాక్టర్ సాబు వచ్చే యాళ్లయితున్నది. లేవుమనలే, తినుమనలే, బాగైతదనలే. గటక గిన్నె పట్టుకొని గమ్మున కూసున్న.

శానసేపటికి అడిగింది: "ఇంక పోలేదానే?"

"పోలే."

"మాట్లాడవేంది?"

"నాకు గూడ ఇయ్యాల మాట్లాడబుద్ధి అయితలేదవ్వా."

అబద్ధం కాదు. ఆమె మొకం తిప్పకుంటనే చెయ్యి చాపింది. నాలుగు గుక్కలు తాగింది. డాక్టర్ సాబు వచ్చి గదువకంటిన గటక చూసి, పేరు కొట్టకుండ ముందలి మంచానికి పోయిండు.

నెలన్నరకు బండిలనే ఇంటికి పోయింది. అప్పటికి ఒకలు పెట్టకున్నా తన చేతులతోని తినుడు అలవాటైంది. మోకాళ్లు గట్లనే ఉండె. దిగులు గూడ పోలే, కొన్ని దినాలు పైన పడేది, కొన్ని దినాలు ఇడిసేది.

కొత్తగ వచ్చిన ఆయాలకు నేను గిదే చెప్పేది. చేతికి పని ఇచ్చే దినం వేరు, పక్కన ఊకె కూసునే దినం వేరు. ఇయ్యాల ఏ దినమో మొకం చూసి ఎరుకపట్టాలె. అది ఆయా పనే, డాక్టర్‌ది కాదు. ఆయన వార్డుల గడియసేపే ఉంటడు.