కొండలు చేసే నాన్న దగ్గరికి, ఇరవై ఆరు మందితో

ఈ ప్రయాణం రానూపోనూ కలిపినా ఐదు కిలోమీటర్లు దాటదు. బస్సు ఎక్కలేదు, టికెట్టు కొనలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బయలుదేరిన చోటికే తిరిగొచ్చాం. అయినా నా ప్రయాణాల్లో ఇంత గొడవతో మొదలైంది మరొకటి లేదు. చిన్న తరగతుల పిల్లల్ని వెంటబెట్టుకుని బడి చుట్టుపక్కల తిరగాలని మీలో ఎవరికైనా ఉంటే, మేం నడిచిన దారి, పట్టిన సమయం, మూసుకున్న గేటు అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నేను ఫిల్మ్‌నగర్ దిగువన ఒక బస్తీలో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి టీచర్ని. పుట్టింది కోస్తాలో, ఉండేది మోతీనగర్‌లో. ఈ ప్రయాణం జరిగిన నెలలో తనిఖీకి వచ్చిన అధికారి మా తరగతిలో వృత్తుల పాఠం తెరిచారు. పుస్తకంలో కుమ్మరి, నేతగాడు, కమ్మరి బొమ్మలున్నాయి. ముందు వరసలో కూర్చున్న మమతను లేపి, మీ నాన్న ఏం చేస్తాడని అడిగారు. "కొండలు చేస్తడు సార్" అంది మమత. ఆయన నవ్వారు. ఆయన నవ్వారని తరగతంతా నవ్వింది. తర్వాత ఆయన నావైపు తిరిగి, పిల్లలకు ఇంకేం నేర్పకపోయినా నిజం చెప్పడం నేర్పమని చెప్పి, పక్క గదిలోకి వెళ్లిపోయారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పిల్ల మాట నాకూ అర్థం కాలేదు. మూడేళ్లుగా ఆ బడిలో పనిచేస్తూ కూడా. సాయంత్రం వాళ్లింటికి వెళితే తెలిసింది. మమత తండ్రి యాదగిరి సినిమా సెట్లకు థర్మాకోల్‌తో, ప్లాస్టర్‌తో కొండలు కడతారు. గుహలు, జలపాతాల వెనక రాళ్లు, కోట గోడలు, అన్నీ ఆయన చేతిమీదే. మమత చెప్పింది అక్షరాలా నిజం. కానీ అప్పటికే ఆ పిల్ల తరగతిలో చెయ్యెత్తడం మానేసింది. హాజరు పిలిచినా తలొంచుకునే పలికేది. వారం చూశాను. ఇక ఊరుకోదలచుకోలేదు. తరగతి మొత్తాన్ని ఆ కొండల దగ్గరికే తీసుకెళ్లాలనుకున్నాను.

మా ప్రధానోపాధ్యాయుడు చెడ్డవారు కాదు, భయస్థులు. అనుమతి కాగితం చూసి పక్కన పెట్టేశారు. "జూ పార్కుకు తీస్కపోండి, ఇప్పుడే సంతకం పెడ్త. ఈ బస్తీల చూడనీకి ఏమున్నది, రోజూ తిరిగేదే కదా?" అన్నారు. రోజూ తిరుగుతున్నారు గానీ, చూడదగ్గవి కూడా ఇక్కడున్నాయని వాళ్లకెవరూ చెప్పలేదు సార్ అన్నాను. పిల్లలకేమైనా అయితే తన ఉద్యోగం పోతుందన్నారు. బాధ్యత నాదేనని అక్కడే రాసిచ్చాను. ఆయన నా కాగితం తీసుకున్నారు గానీ తన సంతకం పెట్టలేదు. వెళ్లొద్దని కూడా అనలేదు. నాకు అది చాలు.

మూడు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి ఇరవై ఆరుమంది పిల్లల ఇళ్ల నుంచీ సంతకమో వేలిముద్రో తెచ్చుకున్నాను. ఒక పిల్లాడి నానమ్మ నర్సమ్మ, జీవితమంతా బండలు కొట్టి బతికిన మనిషి, వేలిముద్ర వేశాక "నేను సుత వస్త టీచరమ్మా. రోడ్డు మీద పోరగాండ్లను నువ్వొక్కదానివే పట్టలేవు" అంది. ఆమె రాకపోతే ఈ కథ సగమే ఉండేది.

శనివారం పొద్దున ఎనిమిదీ ముప్పావుకు బయలుదేరాం. బస్తీ మెట్లెక్కి ఫిల్మ్‌నగర్ పెద్ద రోడ్డుకు రావడానికి పదిహేను నిమిషాలు పట్టింది. ఆ రోడ్డు దాటడానికి ఇంకో పన్నెండు. ఆ వేళలో, శనివారమైనా, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల సుమోలు మాదాపూర్ వైపు ఆగకుండా పోతుంటాయి, ఒక్కటీ వేగం తగ్గించదు. చివరికి నర్సమ్మ చేతికర్ర అడ్డంగా పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడింది. హారన్లు మోగాయి. ఆమె కదల్లేదు. చిట్టచివరి పిల్ల దాటాకే కర్ర దించింది.

తొమ్మిదిన్నరకు సినిమా స్టూడియో గేటు దగ్గరున్నాం. యాదగిరి ఆ రోజుల్లో అక్కడే పనిచేస్తున్నారు. పది రోజుల ముందే నేను వెళ్లి మేనేజర్‌ను అడిగితే, శనివారం తీసుకురండి, సెట్టు చూపిస్తాం అన్నారు. కాపలా మనిషి మమ్మల్ని గోడవారగా నిలబెట్టాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఈలోగా ఒక పెద్ద ప్రైవేటు స్కూలు బస్సులు రెండు వచ్చాయి. గేటు బార్లా తెరుచుకుంది. అద్దాల వెనక నుంచి ఆ పిల్లలు మా పిల్లలకు చేతులూపారు. మావాళ్లూ ఊపారు. గేటు మళ్లీ మూసుకుంది.

అప్పుడు మేనేజర్ బయటికి వచ్చారు. "ఇవాళ కుదరదండీ. మళ్లీ ఎప్పుడైనా చూద్దాం" అన్నారు. రమ్మన్నది మీరే కదా అంటే, గొంతు తగ్గించి, "లోపల ఖరీదైన సామాన్లుంటాయి మేడం. మీ పిల్లలంటే కొంచెం..." అని ఆపేశారు.

ఆ ఆపేసిన మాటలో ఏముందో నాకు తెలుసు. నేను గొంతు తగ్గించలేదు. "ఆ సామాన్లు చేసింది వీళ్ల నాన్నలేనండీ. వాళ్లు లోపలికి రావచ్చుగానీ వీళ్లు రాకూడదా?" అన్నాను. పిల్లలందరికీ వినపడేలాగే అన్నాను. వాళ్లు వినాలి.

గేటు లోపల యాదగిరి నిలబడి ఉన్నారు. మోచేతుల దాకా ప్లాస్టర్ తెల్లగా అంటుకుని ఉంది. మేనేజర్ ఆయన్ని చూసి పని చూసుకొమ్మన్నారు. ఆయన లోపలికి పోలేదు. చిన్న తలుపు తోసుకుని బయటికి వచ్చారు. "ఒక్క పూట పని ఆపుకుంట సార్. కూలి కోస్కోండ్రి. మా బిడ్డ బడిపిల్లలు గీడ నిలవడ్డరు" అన్నారు. రేపటి నుంచి రావక్కర్లేదని మేనేజర్ అన్నారు. యాదగిరి ఒక్క క్షణం మమత వైపు చూసి, నావైపు తిరిగి "లోపల ఉన్నది సెట్టే మేడం. కొండ తయారయ్యేది షేక్‌పేటల, మా మేస్త్రి షెడ్డుల. తోల్కరాండ్రి" అన్నారు.

అలా మా దారి మారింది. అక్కడి నుంచి షేక్‌పేటకు అంతా దిగుడే. పిల్లలతో ముప్పై ఐదు నిమిషాలు నడక. మధ్యలో ఒక చాయ్ దుకాణం నీడలో ఆగాం. బన్నులకు, అరటిపళ్లకు కలిపి తొంభై రూపాయలయ్యాయి. దుకాణం ఆయన మంచినీళ్లు అడక్కుండానే ఇచ్చాడు. దారిలో కొత్త భవనం కోసం ఒక గుట్టను తొలుస్తున్నారు. యంత్రం చప్పుడుకు పిల్లలు చెవులు మూసుకున్నారు. నర్సమ్మ మాత్రం నిలబడి, ఆ బండ ఎటునుంచి పగులుతుందో చూసి మరీ కదిలింది.

పాత ఊరి ఇళ్ల వెనక రేకుల షెడ్డు. లోపల సగం కట్టిన కొండ. పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు. మమత నా చీర కొంగు పట్టుకుని నా వెనకే ఉంది. యాదగిరి ఏమీ వివరించలేదు. "నువ్వు చెప్పు బిడ్డా. నీకు ఎరికే గద" అన్నారు.

మమత కొంగు వదిలి ముందుకు వెళ్లింది. మొదట థర్మాకోల్ పలకలు అతికిస్తారని, వేడి తీగతో కోస్తారని, జనపనారను ప్లాస్టర్‌లో ముంచి పైన పరుస్తారని, ఎండాక రంగులేస్తారని చెప్పింది. మధ్యలో ఒకడు, పట్టుకుంటే విరగదా అనడిగితే, "నువ్వు పట్టుకోకు మరి" అంది. ఈసారి పిల్లలు నవ్వారు, మమత కూడా నవ్వింది.

గోడకు ఆ కొండ బొమ్మ గీసిన కాగితం ఉంది. అరంగుళానికి ఒక అడుగు లెక్క అని యాదగిరి చెప్పారు. పిల్లలు సంచుల్లోంచి స్కేళ్లు తీసి కొలిచారు. బొమ్మ తొమ్మిది అంగుళాలు. నేల మీద సుద్దతో లెక్క వేసి, పద్దెనిమిది అడుగులని తేల్చారు. పైనుంచి తాడు వదిలి కొలిస్తే పదహారే వచ్చింది. లెక్క తప్పిందని గోల మొదలైంది. పై ముక్క ఇంకా ఎక్కించలేదని ఆయన చూపించాక గానీ ఊరుకోలేదు. బడిలో నెలరోజులు తిప్పలుపడ్డ లెక్క అది.

నర్సమ్మ కొండ దగ్గరికి వెళ్లి వేలితో కొట్టి చూసింది. "అంత మంచిగున్నది గని, నెర్రె గిట్ల అడ్డం పోదు" అంది. పిల్లల్ని, యాదగిరిని షెడ్డు వెనకున్న అసలు బండ దగ్గరికి తీసుకెళ్లింది. చెంబుతో నీళ్లు పోసింది. తడిసిన రాయి మీద సన్నటి గీత తేలింది. పిల్లల వేళ్లు పట్టుకుని ఆ గీత మీద నడిపించింది. "రాయి ఎటు విచ్చుకుంటదో రాయే చెప్తది. మనం చూడాలె" అంది. యాదగిరి లోపలికి వెళ్లి, కొండ మీద తను గీసుకున్న నెర్రెలన్నీ చెరిపి, ఆమె చెప్పినట్టు మళ్లీ గీశారు. ఇరవై ఏళ్లుగా చేస్తున్నా ఈ ముచ్చట తనకెవరూ చెప్పలేదన్నారు.

తిరుగు నడక ఎక్కుడు, గంట పైనే పట్టింది. ప్రధానోపాధ్యాయుడు వరండాలో నిలబడి ఉన్నారు. పిల్లల్ని తనే ఒక్కొక్కరిని లెక్కపెట్టుకున్నారు. ఇరవై ఆరు వచ్చాక, అన్నం చల్లారిపోతోందని మాత్రం అన్నారు.

సోమవారం నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా పిల్లల్ని బయటికి ఎందుకు తీసుకెళ్లావని. పిల్లల లెక్కలు, వాళ్లు గీసిన బొమ్మలు ఇరవై ఆరూ జతచేసి జవాబిచ్చాను. తప్పయిందని మాత్రం రాయలేదు. రాతపూర్వకంగా హెచ్చరించి వదిలేశారు. ఆ కాగితం నా సర్వీసు ఫైల్లో ఉంది, ఉండనీ. యాదగిరిని ఆ స్టూడియో మూడు వారాలు పిలవలేదు. అంత బాగా కొండ కట్టేవాళ్లు దొరక్క మళ్లీ వాళ్లే కబురు పెట్టారు. ఆయన క్షమాపణ చెప్పకుండానే వెళ్లారు. మరుసటి నెల నేను మళ్లీ తరగతిని బయటికి తీసుకెళ్లాను, ఈసారి దుస్తులు కుట్టే ఒక తల్లి దగ్గరికి. మళ్లీ సంతకం లేకుండానే.

మన పిల్లలకు లోకం చూపించాలంటే బస్సులు, టికెట్లు, పెద్ద గేట్లు కావాలని మనల్ని నమ్మించారు. ఆ గేటు తెరుచుకుని ఉంటే మేం ఒక సెట్టు చూసి, చప్పట్లు కొట్టి వచ్చేవాళ్లం. మూసుకుంది కాబట్టి దాన్ని చేసే చేతుల్ని చూశాం. అలాగని ఆ గేటుకు నేను రుణపడి లేను. మూసినవాళ్లది తప్పే, దాన్ని తప్పనే అంటాను. కానీ మా పిల్లలు ఏం నేర్చుకోవాలో, ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఆ గేటు తేల్చలేదు, తేల్చనివ్వను కూడా.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. తల్లిదండ్రుల్ని మీరేం పని చేస్తారని అడగకండి, అందరూ కూలి అనే అంటారు. నిన్న ఏం చేశారని అడగండి. ఆ జవాబు విన్నాక ఎక్కడికి వెళ్లాలో మీకే తెలుస్తుంది.