నా కొలతకు చేసిన బండి

మొన్న ఖమ్మంలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, పక్కింటివాళ్లు కొత్తగా పెట్టించిన ఇనుప గేటుకు ఒకతను తుప్పు పట్టకుండా ఎర్రటి రెడాక్సైడ్ రంగు పూస్తున్నాడు. వంటింట్లో కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదాన్ని, ఆ వాసన కిటికీలోంచి లోపలికి రాగానే చేతిలోవి పళ్లెంలో పడేసి వాకిట్లోకి వెళ్లిపోయాను. వెళ్లి, ఎందుకో తెలియకుండానే గేటు మీద చెయ్యి పెట్టబోయాను. "అమ్మా, ముట్టకుర్రి, ఇంకా ఆరలే" అన్నాడతను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను గాని, ఆ గేటు పక్కనే నిలబడ్డాను. నా ఈడు ఆడవాళ్లకు మల్లెపూల వాసనో సాంబ్రాణి వాసనో పాతరోజులను తెచ్చిపెడుతుందంటారు. నాకు మాత్రం కిరసనాయిలూ గ్రీజూ ఈ ఎర్రరంగూ కలగలిసిన వాసన తగిలితే చాలు, మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

మా ఆయన బొగ్గుగనిలో ఫిట్టరుగా చేశారు. నేను పినపాక చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు టీచరుగా చేశాను. కాపురమైతే ఒక్క ఇంట్లోనే చేశాం గాని, ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి నేను బడికి పోవడం, నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన నిద్రలో ఉండడం, ఇలాగే మా వయసు కాలమంతా గడిచిపోయింది. గనుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రిటైరయ్యాక ఏం చేస్తారని ఎవరైనా ఆయన్ను అడిగితే, సొంత బండి కొనుక్కొని కిటికీ అద్దం దింపి గాలికి తిరుగుతానని చెప్పేవారు. అంతకాలం భూమి కింద ఉన్న మనిషికి అంతకంటే పెద్ద కోరిక లేకపోవడంలో వింతేముంది!

ఆయన రిటైరయ్యాక ఆ బండి ఒకనాడు లారీ మీద ఎక్కి మా ఇంటికొచ్చింది. దమ్మపేట వైపు తోటల్లో పామాయిల్ గెలలు మోసి మోసి అలిసిపోయిన పాత పికప్పు. మా వైపు ట్రాలీ బండి అంటాం. వెనుక బాడీ అడుగంతా తుప్పుపట్టి, చిల్లుల్లోంచి కింద నేల కనబడుతోంది. ఒక తలుపు తీస్తే పడదు, రెండోది పడితే రాదు.

"ఏంది ఇది? బండి తెస్తనని చెప్పి పాత ఇనుము తెచ్చిండ్రా?" అన్నాను.

"ఇంజను మంచిగుంది టీచరమ్మా. మిగిలిందంతా మనం చేసుకుందం" అన్నారు.

ఇంట్లో కూడా నన్ను టీచరమ్మా అనే పిలిచేవారు. 'మనం' అన్న మాటకు మాత్రం నేను మెత్తబడ్డాను. అన్నేళ్ల కాపురంలో మేమిద్దరం కలిసి కూర్చొని చేసిన పని ఏదైనా ఉందా అని వెతికితే పెద్దగా దొరకదు మరి.

ఇంటి పక్కన రేకుల పందిరి వేసి బండిని అందులోకి నెట్టించారు. వాసానికి చైన్ పుల్లీ కట్టి ఇంజను దించారు. నేను బడి నుంచి వచ్చి టీ పెట్టుకొని అక్కడికే పోయేదాన్ని. ఇంజను సామానంతా నా పాత అల్యూమినియం గిన్నెలో కిరసనాయిలు పోసి కడగడం, పాత చీర పేలికలతో తుడిచి ఆరబెట్టడం నా పని. ఏ స్పానరు అడిగితే అది చేతికిచ్చేదాన్ని. నాకు పరిచయమున్న నలుపల్లా బడిలో బోర్డుదే గాని, గోళ్లలో చేరిన ఆ నలుపు ఎన్ని సబ్బులు రుద్దినా పోయేది కాదు. బడిలో పిల్లలు నా చేతుల వంక చూసి ముసిముసిగా నవ్వేవారు. అడుగురేకు కోసి కొత్త రేకు అతికించి వెల్డింగు చేసిన రోజున దాని మీద ఎర్రరంగు పూసి, ఇద్దరం చాప పరుచుకొని బండికి ఎదురుగా కూర్చున్నాం. నిజానికి అంత సంతోషంగా ఉన్న రోజులు నా జీవితంలో తక్కువ.

ఆయన చూపు సంగతి ఆ రోజుల్లోనే బయటపడింది. మోకాలి పక్కనే ఉన్న నట్టు కోసం నేలంతా తడిమేవారు. తెరిచి ఉన్న తలుపు అంచుకు నుదురు కొట్టుకునేవారు. పరధ్యానం అనుకొని విసుక్కున్నాను. ఒకరోజు నేను పక్కనే నిలబడి టీ గ్లాసు పట్టుకొని ఉంటే, నా కోసం ఇంట్లోకి వినబడేలా కేకేశారు. అప్పుడు గ్లాసు కింద పెట్టి, ఆయన ముఖం పక్కన చెయ్యి ఆడించి చూశాను.

ఖమ్మం తీసుకుపోయి కంటి దవాఖానాలో చూపించాం. నీటికాసులు, అదే గ్లకోమా అన్నారు డాక్టరు. పక్కచూపు చాలావరకు పోయిందని, పోయింది తిరిగి రాదని, ఉన్నదాన్నైనా నిలబెట్టుకోవడానికి చుక్కల మందు వేసుకోవాలని, బండి మాత్రం నడపొద్దని మెల్లగా చెప్పారు. మా ఆయన తల ఊపి, మందు చీటీ నా చేతికిచ్చి లేచారు.

తిరుగు బస్సెక్కాం. కొత్తగూడెం దాటిందాకా ఆయన కిటికీ పక్కన కూర్చొని, ముఖం గాలికి పెట్టి ఉన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకొని కూర్చున్నాను. పాల్వంచ వస్తుందనగా నా వైపు తిరిగి, "గనిల లైటు ఎంత చూపిస్తే గంతే చూస్తం. గిది గూడ గంతే. నాకేం కొత్త కాదు" అన్నారు. మళ్లీ కిటికీ వైపు తిరిగి, "బండి నువ్వు నేర్చుకో" అన్నారు.

సైకిలు కూడా ఎక్కని తరం మాది. యాభై దాటిన మనిషిని, పైగా పొట్టిదాన్ని, స్టీరింగు ముందు కూర్చుంటే నాకు బానెట్టు తప్ప రోడ్డు కనబడదు. ఆ మాటే అన్నాను. "రోడ్డు కనబడేటట్టు నేను చేస్త గద" అన్నారు.

మర్నాటి నుంచి పని దారి మారింది. అంతకుముందు పాతది బాగుచేయడం, ఇప్పుడు నాకు సరిపడేట్టు మార్చడం. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, దర్జీ కొలతలు తీసినట్టు నడుము నుంచి మోకాలిదాకా, మోకాలి నుంచి మడమదాకా దారంతో కొలిచి ముడులు వేసుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. "ఏడుస్తె కదులుతున్నవ్. కొలత తప్పుతది" అన్నారు, దారం వదలకుండానే. సీటు కింద టేకు చెక్క వేసి ఎత్తు చేశారు. పాత పరుపులోని దూది తీసి మెత్త కుట్టించారు. క్లచ్చుకూ బ్రేకుకూ చెక్కముక్కలు బిగించి నా కాలికి అందేలా చేశారు. చీర కాళ్లకు అడ్డం పడకుండా ఎక్కడానికి కింద ఒక మెట్టు వెల్డింగు చేయించారు. అప్పటికి సన్నపని ఆయన చేత కావడం లేదు, పక్కవీధి వెల్డరును పిలిపించి దగ్గరుండి చెప్పారు. అన్నీ అయ్యాక ఎడమవైపు తలుపు పైన ఒక ఇనుప కడ్డీ పెట్టించుకున్నారు. అదెందుకని అడిగితే, "నేను కూసునేది గటు పక్కనే గద ఇగ. పట్టుకోవద్దా" అన్నారు. నేను లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

పత్తి తీసేసిన చేలో నేర్పారు నాకు. ఆయన చూడలేరు గాని వినగలరు. ఇంజను గొంతు మారితే చాలు, నా కాలు ఎక్కడుందో ఆయనకు తెలిసిపోయేది. "వదులు, వదులు, మెల్లగ వదులు" అంటూనే ఉండేవారు. బండి ఎగిరెగిరి ఆగిపోయేది. గట్టు మీద గొర్లు కాచేవాళ్లు నవ్వేవారు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవారు.

ఒకరోజు వెనుక చక్రం మెత్తటి మన్నులో దిగబడింది. ఎంత దిగబడిందో చేత్తో తడిమి చూస్తానని దిగారు. నేను పట్టుకుంటానన్నా వినలేదు. పక్కనే ఉన్న బోదెకాలువ కనబడక అందులోకి పడిపోయారు. నేను దూకి పరుగెత్తేసరికి కుడిచెయ్యి మణికట్టు వంకర తిరిగి ఉంది. చుట్టూ చూస్తే పిట్ట మనిషి లేడు. ఏడుస్తూనే పత్తికట్టె తెచ్చి చక్రం కింద వేసి, ఆయన్ను ఎక్కించి, ఒకటి రెండుసార్లు ఆగిపోయినా చివరికి చేను దాటించి రోడ్డెక్కించాను. రోడ్డు మీద నడపడం అదే మొదలు. బొగ్గు లారీలు ఎదురైనప్పుడల్లా బండిని రోడ్డు అంచుకు దింపేశాను. ఆయన ఎడమచేత్తో కడ్డీ పట్టుకొని, నొప్పికి పళ్లు బిగించి, "సెకండ్ గేర్ల ఎంతసేపు గుంజుతవ్ టీచరమ్మా, పాపం దానికి ఊపిరాడ్తలేదు. మార్చు" అన్నారు. మార్చాను. మణుగూరు దవాఖానా ముందు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుంటే, ఎడమచెయ్యి నా వీపు మీద వేసి, "వచ్చింది నీకు బండి. ఇగ నాకు భయం లేదు" అన్నారు. ఆయనకు భయం ఉండిందని నాకు అప్పుడే తెలిసింది.

చేతికట్టు విప్పాక బండికి రంగు వేయించాం. పైరుపచ్చ రంగు ఆయన కోరిందే. అప్పటికి చూపు తాళంచెవి రంధ్రమంత మిగిలింది. రంగు ఆరిన రోజున బండికి ముఖం దగ్గరగా పెట్టి, ముందు బంపరు నుంచి వెనుక డోరుదాకా కొంచెం కొంచెంగా జరుగుతూ, వరస వెంట వరస చదువుకుంటున్నట్టు చూశారు. ఎంతసేపు చూశారో. అంత ప్రాణం పెట్టి చేసుకున్న బండిని ఒక్కసారి దూరంగా నిలబడి నిండుగా చూసుకోలేకపోయారన్న బాధ నాకు ఈనాటికీ తీరలేదు. "మంచిగ కుదిరిందా?" అని నన్ను అడిగారు. "కుదిరింది" అన్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లు మేము తిరిగాం. కారేపల్లి దగ్గర మా పుట్టింటికి, పర్ణశాలకు, భద్రాచలం అవతల బస్సులు పోని అడవి ఊళ్లకు. అద్దం దించి ముఖం గాలికి పెట్టి కూర్చునేవారు. "ఇప్పుడేం వస్తుంది?" అని అడిగితే చెప్పేదాన్ని. ఇప్పచెట్ల కింద పూలు ఏరుతున్నారని, గోదారి ఇసుక బయటపడిందని, కోయగూడెంలో కొత్త ఇంటికి తడిక అల్లుతున్నారని. బడిలో అన్నేళ్లు పాఠాలు చెప్పాను గాని, అంత శ్రద్ధగా విన్న వారు నాకు మరొకరు దొరకలేదు. చివరికి చూపు పూర్తిగా పోయింది. ఆ మరుసటి వానాకాలం గుండెపోటుతో ఆయనా వెళ్లిపోయారు. దవాఖానాకు నేనే నడుపుకుపోయాను. దారిలో ఆయన ఏమీ అడగలేదు, అప్పుడే నాకు అర్థమైంది.

తర్వాత నాకూ మోకాళ్లు పట్టేశాయి. పందిట్లో ఊరికే నిలబెడితే మళ్లీ తుప్పు పడుతుందని బండిని కూరగాయలమ్మే ఒకాయనకు ఇచ్చేశాను. మనిషి పొడగరి. ఎక్కి కూర్చుంటే తల పైకప్పుకు తగిలింది. "అమ్మా, గీ సీటు తీసేస్త, ఏమనుకోకు" అన్నాడు. "తీసెయ్యి నాయనా" అన్నాను. మరి అతను ఎట్లా నడుపుతాడు!

ఇప్పుడు మా అమ్మాయి కారులో తిరుగుతున్నాను. చిన్న గీత పడ్డా షోరూముకు పంపుతారు, బానెట్టు కింద ఏముందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అద్దాలు దించరు, చల్లదనం పోతుందని. దారి చెప్పడానికి ఫోనులో ఒక గొంతు ఉంటుంది, అది మలుపులు తప్ప మరేదీ చెప్పదు. రోడ్లు వెడల్పయ్యాయి, పక్కనున్న చెట్లు చాలావరకు పోయాయి. అందరూ బాగానే చూసుకుంటారు నన్ను. వెనుక సీట్లో కూర్చొని అద్దంలోంచి అన్నీ చూస్తూనే ఉంటాను. ఏం కనబడుతోందని మాత్రం ఎవరూ అడగరు.