ఏడో సెల్లుకు ఎక్కువ, ఎనిమిదో సెల్లుకు తక్కువ

మా కోడలు తిరుపతిలో కరెంటు ఆటో నడుపుతుంది. మా వీధి చుట్టుపక్కల పిల్లల్ని పొద్దున బడిలో దింపి, సాయంత్రం ఇళ్ళకు చేరుస్తుంది. దసరా సెలవులు ముగిసి సోమవారం బడి తెరుస్తారనగా, గురువారం ఆ ఆటో మొరాయించింది. చార్జింగు పెడితే సగం దాకా ఎక్కుతుంది, తర్వాత ఎర్ర దీపం వెలిగి ఆగిపోతుంది. ఫోన్‌లో బ్యాటరీ యాప్ తెరిచి చూస్తే ఓవర్ వోల్టేజ్ అని ఉంటుంది. సోమవారం ఆటో రాకపోతే పిల్లల తల్లులు వేరే ఆటో మాట్లాడుకుంటారు. ఒకసారి మాట్లాడుకున్నాక పరీక్షలయ్యేదాకా మళ్ళీ ఇటు చూడరు.

ఏది చెడిపోయినా నాదొక్కటే పద్ధతి. ఒక్కటి మార్చాలి, ఏమైందో చూడాలి, రాసిపెట్టుకోవాలి, ఆ తర్వాతే రెండోది మార్చాలి. మా ఇంట్లో ఈ మాట ఎవరికీ ఎక్కదు. శుక్రవారం కోడలు పక్కింటి ఆటో అతని చార్జరు అడిగి తెచ్చింది. అంతటితో ఆగకుండా వంటింటి ప్లగ్గు వదిలేసి, వరండా ప్లగ్గుకు తగిలించింది. మళ్ళీ సగంలోనే ఆగింది.

"రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దేంట్లో ఉండాదో యెట్టా తెలుస్తాది?" అన్నాను.

"రెంట్లోనూ లేదని తెలిసింది గదత్తా."

ఆ మాట సరైనదే. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

ఆ సాయంత్రం మా అబ్బాయి రేణిగుంట గోడౌన్‌లో పని ముగించుకుని, ఎవరినో అడిగి తెచ్చిన స్టెబిలైజరు చంకలో పెట్టుకుని వచ్చాడు. మన వీధిలో కరెంటే ఎక్కువగా వస్తోందని ఎవరో చెప్పారట. నేను పొద్దుననే మీటరు పెట్టి చూశాను, కరెంటు మామూలుగానే ఉంది. చెప్పినా వినకుండా గంటసేపు దాన్ని బిగించాడు. ఎర్ర దీపం మళ్ళీ వెలిగింది.

శనివారం ఆటోలో మిగిలిన కాస్త చార్జింగుతో రేణిగుంట రోడ్డులో బ్యాటరీలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్ళాం. అతను తన చార్జరు, తన ప్లగ్గు పెట్టి చూశాడు. అక్కడా అదే. అంటే మా ఇంటి కరెంటు తప్పేమీ లేదు. మా అబ్బాయికి ఫోన్ చేసి ఆ మాట చెప్పేదాకా నాకు మనసు ఊరుకోలేదు.

ఆ బ్యాటరీ ప్యాకులో పదహారు సెల్లులు వరసగా ఉంటాయి. ఏ ఒక్కదాని వోల్టేజి హద్దు దాటినా లోపలి కాపలా బోర్డు చార్జింగు ఆపేస్తుంది. మెకానిక్కు ఫోన్‌లో అంకెలు చూసి చెప్పాడు: "ఏడో సెల్లు పోయిందమ్మా. ప్యాకు మార్చాల. కొత్తది వచ్చేదానికి వారం పడతాది."

"వారమా? సోమారం పిల్లోల్ని సంకనెత్తుకోని పోవాల్నా?" అంది కోడలు.

"అంతదాకా కావాలంటే ఫోన్లో ఆ హద్దు కొంచెం పైకి జరుపుతా. అప్పుడు నిండా ఎక్కతాది. శానామందికి అట్లే జేసినా."

కోడలి చూపు ఫోన్ మీదే ఉంది.

"కుక్క మొరగతా ఉండాదని దాని నోరు కట్టేస్తావా నాయనా? దొంగ వచ్చినాడో లేదో సూడొద్దా?" అన్నాను.

"వారం రోజులే గదత్తా," అంది కోడలు మెల్లగా.

"ఆ బ్యాటరీ యాడుండాది? సీటు కింద. సీటు మీద ఎవురు కూర్చుంటారు?"

నేను ఫోన్ తీసుకుని చూశాను. పద్నాలుగు సెల్లులు మూడు పాయింట్ నాలుగు వోల్టుల దగ్గర ఉన్నాయి. ఏడోది మూడు పాయింట్ ఎనిమిది. దాని పక్కనే ఉన్న ఎనిమిదోది సరిగ్గా మూడు. ఏడోదానికి ఎంత ఎక్కువో, ఎనిమిదోదానికి అంతే తక్కువ.

నేను చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర చాలా ఏళ్ళు తూకాలు చూశాను. ఒక బండి కాయలు ఎక్కువ తూగి, వెనక బండివి సరిగ్గా అంతే తక్కువ తూగితే, కాయల్లో తేడా ఉన్నట్టు కాదు. రెండు బండ్ల నడుమ గీత తప్పు చోట గీసినట్టు. వెనక బండి బుట్టలు రెండు ముందు బండి లెక్కలో పడి ఉంటాయి.

"ఈ రెండూ కలిపితే ఆరు పాయింట్ ఎనిమిది. మంచి సెల్లులు రెండు కలిపినా అంతే గదా. ఫోన్ను నమ్మకుండా సెల్లు మీదనే మీటరు పెట్టి సూడు నాయనా."

"పెడతాలేమ్మా," అని అతను నా పోరు పడలేక మూత విప్పాడు. ఏడోది చూశాడు, ఎనిమిదోది చూశాడు, మళ్ళీ ఏడోది చూశాడు. రెండూ మూడు పాయింట్ నాలుగే. "సెల్లులు బాగుండాయి. అయితే ఈ రెంటి నడుమ నుంచి బోర్డుకు పోయే తీగలో ఉండాది," అన్నాడు. తీగ వెంట వేలు పోనిచ్చి, బోర్డు దగ్గర దాని కొనను పీకి వెలుతురులో పట్టుకున్నాడు. కొనంతా పచ్చగా ఉంది. కొంత చిలుము, కొంత పసుపు.

"ఇదేందక్కా, లోపల పసుపు?"

ఆయుధపూజ నాడు కోడలు ఆటో కడిగి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టింది. అవన్నీ నేను చూశాను. సీటు ఎత్తి, బ్యాటరీ మూత కూడా తీసి, తడి పసుపు పూసి బొట్టు పెట్టిందని మాత్రం నాకు తెలియదు.

"పాత ఆటోకు ఇంజనుకు పెడతా ఉంటి. దీనికి ఇంజను యాడుండాది? బ్యాటరీనే గదా ఇంజను," అంది.

మెకానిక్కు నవ్వు ఆపుకోలేకపోయాడు. "నువ్వు పెట్టిన బొట్టు కారి తీగలోకి దిగిందక్కా. దేవుడు చల్లంగుండమన్నాడు, తీగ చిలుమెక్కింది." కొన తుడిచి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ బిగించాడు. ఫోన్‌లో పదహారు అంకెలూ ఒకే వరసలోకి వచ్చాయి. హద్దు మాత్రం నేను జరపనివ్వలేదు. ఆదివారం ఇంట్లో పాత చార్జరుతో, పాత ప్లగ్గులోనే పెట్టించి, నిండేదాకా పక్కన కూర్చున్నాను. ఎర్ర దీపం వెలగలేదు.

సోమవారం పొద్దున కోడలు కుంకుమ భరిణె పట్టుకుని ఆటో దగ్గరికి వెళ్ళింది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను.

"అద్దానికే పెడతా ఉండా, సూసుకోండత్తా," అంది.

సాయంత్రం వచ్చాక అడిగితే, ఒక్క ఇంటివాళ్ళు తప్ప అందరూ పిల్లల్ని ఎక్కించారని చెప్పింది. ఆ ఒక్కరు ఎందుకు మానుకున్నారని అడిగాను. శనివారం తప్పు కరెంటులో లేదని నేను ఫోన్ చేశాక, మా అబ్బాయి వీధి చివర టీ కొట్టు దగ్గర, అయితే మా బ్యాటరీ పేలిపోతుందేమోనని చెప్పాడట. ఆ స్టెబిలైజరు ఇంకా వరండాలోనే ఉంది. వెనక్కి ఇచ్చి రమ్మని రోజూ చెబుతూనే ఉన్నాను.